చెరువును నిలబెట్టి మోసుకెళ్లిన శుక్రవారం

ఈ ప్రయాణం చీవాట్లతో మొదలైంది. గత నెల ఇదే బ్లాగులో ఐటీ కారిడార్ చెరువుల మీద నేను రాసిన వ్యాసం కొందరికి నచ్చింది, చాలామందికి మండింది. మండాలనే రాశాను. ప్రకృతి వేల ఏళ్ల కిందట ఇచ్చిన చెరువులను పూడ్చి, మిగిలిన గుంట పక్కన ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టి, అడుగుకింత అని అదనంగా గుంజేవాళ్లను ఏమనాలో అందులో దాచుకోకుండా చెప్పాను. రెండు రోజులకు ఒక ఫోను వచ్చింది. అవతల ఒక ఆడగొంతు, నమస్కారం కూడా లేకుండా, “ప్రకృతి ఇచ్చిందని మీకెవరు చెప్పినారు?” అని అడిగింది. ఇలాంటి ఫోన్లు బిల్డర్ల మనుషులే చేస్తారు కాబట్టి నేను కొంగు బిగించాను. తీరా చూస్తే ఆమె డాక్టర్ విశాలాక్షి. అనంతపురం వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా పాత చెరువుల అడుగు బురదను తవ్వి, అందులో ఏ కాలంలో వానలు పడ్డాయో, ఏ కాలంలో కరువు వచ్చిందో చదివే శాస్త్రవేత్త.

ఆ చదువు ఎలా సాగుతుందో నాకు ఫోనులోనే ఓపికగా చెప్పారు. చెరువు అడుగున ఏటేటా ఒక పలచటి పొర పేరుకుంటుంది. మంచి వానలు పడిన ఏడు వరద వెంట ముతక ఇసుక వస్తుంది, ఎండిన ఏడు ఉప్పు తేలుతుంది, చుట్టూ ఏ చెట్లుంటే వాటి పుప్పొడి అందులో పడుతుంది. కింద పొర పాతది, పై పొర కొత్తది. ఆ వరుస చెదరకుండా బయటికి తీయగలిగితే, రాజులు రాయించని చరిత్ర దొరుకుతుంది. ఆమె రాజస్థాన్‌లో ఎండిన ఉప్పు సరస్సుల మీద పదేళ్లు పనిచేశారు, లడఖ్ చలిలో గడ్డకట్టిన సరస్సును తొలిచారు. “మా ఊర్లో వాన మోసం చేస్తానే పెరిగినా. అది ఎప్పట్నించి మోసం చేస్తాందో తెలుసుకుందామని ఈ పనిలోకి వచ్చినా” అన్నారు. ఆమెకు ఈ నెలాఖరుకు రిటైర్మెంట్. ఆమె కుర్చీలో కూర్చోవడానికి మరొకరిని తీసుకోవడం లేదు. వేల కోట్ల ఫ్లైఓవర్లకు డబ్బులుంటాయి గానీ, ఈ నేల మీద నీళ్ల చరిత్ర చదివే ఒక్క మనిషి జీతానికి ఉండవు. దీని మీద మళ్లీ విడిగా కోపగించుకుంటాను.

అసలు సంగతి ఇది. దక్కన్‌లో చెరువులన్నీ మనుషులు వాగులకు అడ్డంగా కట్టవేసి చేసుకున్నవేనని, పుట్టుకతో వచ్చిన సరస్సులు ఇక్కడ లేనట్టేనని ఆమె తోటివాళ్ల మాట. విశాలాక్షి గారు పన్నెండేళ్లుగా దానికి ఎదురు నిలబడ్డారు. నార్సింగి దాటాక ఉన్న ఒక చెరువు కింద, కట్ట వేయకముందే ఒక సహజమైన మడుగు ఉండేదని ఆమె నమ్మకం. అదే నిజమైతే చెరువు బురద కింద నల్లటి పాత బంకమన్ను దొరకాలి, అందులో వేల ఏళ్ల వానల లెక్క ఉండాలి. నాకూ అందులో స్వార్థం ఉంది. ఆ చెరువును పూడ్చి ప్లాట్లు చేయకుండా ఆపాలని మేం కొందరం వేసిన పిటిషన్ నడుస్తోంది. అది సహజ జలాశయమని తేలితే మన చేతికి కర్ర దొరికినట్టేనని మా వకీలు అన్నాడు. ఈ మాట ఆమెకు చెప్పేశాను. “నాకు కోర్టు సంగతి తెలీదు భారతీ. బురదలో ఏముంటే అది చెప్తా. మీకు పనికి రాకపోతే తిట్టుకోకూడదు” అన్నారు. అలాగేనండి అన్నాను. గెలుస్తామని నమ్మకం ఉన్నప్పుడు ఎవరైనా అలాగే అంటారు.

చెరువులో శనివారం నుంచి పొక్లెయిన్లు దిగుతున్నాయి. దీనికి సుందరీకరణ అని పేరు. అడుగు బురద మొత్తం గీకేసి, చుట్టూ టైల్స్ పరిచి, రంగు దీపాలు పెడతారు. బురద వెళ్లాక విశాలాక్షి గారికి చదవడానికి ఏమీ మిగలదు. శుక్రవారం మధ్యాహ్నం వరకు ఒకే ఒక్క గొట్టం దించుకోవడానికి ఆమెకు అనుమతి దొరికింది. సాయానికి విద్యార్థులు లేరు, ప్రాజెక్టు ఎప్పుడో ముగిసింది. “మీరు రాయడమేనా, మోయడం కూడా వచ్చునా?” అని నన్ను అడిగారు. అలా బయల్దేరాను.

నేనుండేది నిజాంపేటలో. తొందరలో క్యాబ్ ఎక్కి నాలుగు వందలకు పైగా సమర్పించుకున్నాను, మీరు అలా చేయకండి. జేఎన్టీయూ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగితే, అక్కడి నుంచి నార్సింగికి షేర్ ఆటోలు, బస్సులు ఉంటాయి, వందలోపే అయిపోతుంది. ఏడున్నరకల్లా చెరువు కట్ట మీద ఉన్నాను. మే నెల కాబట్టి నీళ్లు బాగా లోపలికి జరిగి, ఒడ్డున నెర్రెలిచ్చిన బురద, అందులో గుర్రపుడెక్క. మూడు వైపులా టవర్లు. ఒక టవర్ బాల్కనీలో ఎవరో యోగా చేస్తూ మమ్మల్ని చూస్తున్నారు.

విశాలాక్షి గారు పొట్టి మనిషి, తెల్లజుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఆమెతో పాటు ట్రాలీ ఆటో డ్రైవర్ యాదగిరి ఉన్నాడు. బోరబండ మనిషి. సాయంత్రం దాకా బండికి పద్దెనిమిది వందలని మాట్లాడుకున్నారు, చెరువులోకి దిగడం అందులో లేదు. అయినా రెండు లారీ ట్యూబుల మీద పలకలు కట్టిన తెప్పను చూసేసరికి ఊరుకోలేక తనే ఎక్కాడు. ఒడ్డున తాడు పట్టుకునే పని నాది. నా భుజం దాకా వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని నిటారుగా బురదలో గుచ్చి, పైన చెక్క పెట్టి సుత్తితో దించుతూ పోయారు. చాలాసేపు మెత్తగా దిగింది. ఉన్నట్టుండి ఆగి, తర్వాత బిగుసుకుంటూ ఒక జానెడు దిగింది. విశాలాక్షి గారు చెవి గొట్టానికి ఆనించి, అడుగు తగిలిందని చేత్తో సైగ చేశారు.

సరిగ్గా అప్పుడే కట్ట మీద నుంచి పనుల సూపర్‌వైజర్ కేకలు మొదలుపెట్టాడు. యంత్రాలు ముందే వస్తున్నాయట, ఖాళీ చేయాలట. మధ్యాహ్నం దాకా అనుమతి ఉందని నేను ఒడ్డు నుంచే గొడవకు దిగాను. ఆ హడావుడిలో గొట్టం పైకి లాగి, కింద మూత, పైన మూత బిగించి ఒడ్డుకు తెచ్చారు. లోపల అడుగు నుంచి మీదికి గోధుమరంగు బురద, దాని పైన గంజిలాంటి పలచటి నల్ల బురద, ఆ పైన నీళ్లు. కిందివైపు పట్టుకోవడానికి చుట్టిన రబ్బరు పట్టీ వల్ల అడుగు జానెడు భాగం మాత్రం కనబడలేదు. విశాలాక్షి గారి కళ్లు దాని మీదే ఉన్నాయి, పాత బంకమన్ను ఉంటే అందులోనే ఉండాలి. పట్టీ తీస్తే కింది మూత కదులుతుంది, ల్యాబ్‌లోనే తీయాలి. ల్యాబ్ తార్నాక వైపు ఉంది. అంతవరకూ గొట్టాన్ని నిలబెట్టే తీసుకెళ్లాలి. పక్కకు ఒరిగితే గంజి కిందికి జారి పొరలన్నీ కలిసిపోతాయి.

ట్రాలీ మధ్యలో ఇసుక నింపిన డ్రమ్ము పెట్టి, గొట్టాన్ని అందులో నిలబెట్టి, నాలుగు వైపులా తాళ్లు కట్టాం. మేమిద్దరం వెనక చెరో పక్క కూర్చుని పట్టుకున్నాం. యాదగిరి అద్దంలో చూసి, “మా బిడ్డ పెండ్లప్పుడు పెండ్లిపిల్లను గూడ గింత పదిలంగ తీస్కపోలె మేడమ్. ఏమున్నదిండ్ల?” అన్నాడు.

“మట్టి” అన్నాను.

“మట్టికి గింత ఫికరా?”

“పాత మట్టయ్యా. నీకంటే, నాకంటే, నిజాములకంటే పాతది కావొచ్చు” అన్నారు విశాలాక్షి గారు.

“అయితే జర మెల్లగనే పోత” అని పది కిలోమీటర్ల వేగంతో బయల్దేరాడు.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తప్పు బయటపడింది. పై మూత బిగించేటప్పుడు నీళ్లు అంచుదాకా నింపాలి, లోపల గాలి ఉండకూడదు. తొందరలో నాలుగు వేళ్ల ఖాళీ మిగిలిపోయింది. చక్రం ఎగరగానే ఆ ఖాళీలో నీళ్లు ఊగాయి, ఊగిన నీళ్లు గంజిని లేపాయి. మా కళ్ల ముందే తేట నీరు బూడిదరంగు తిరిగింది. విశాలాక్షి గారు పై మూతను రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఎక్కడా చేయని పొరపాటు ఆఖరి గొట్టానికి చేశానని తర్వాత చెప్పారు. మూత తీసి నీళ్లు పోద్దామంటే కదిలే బండిలో కుదరదు, ఆగుదామంటే సర్వీసు రోడ్డు మీద వెనక హారన్లు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాల మేడల నీడ రోడ్డు దాకా రాదు. ఎండ నెత్తిన ఉంది. వేడికి బురదలో గ్యాసు బుడగలు పుట్టి పొరలను చీలుస్తాయని ఆమె తన చున్నీ తడిపి గొట్టానికి చుట్టారు. నేను నా చీర కొంగు కూడా ఇచ్చాను, అంటే అటువైపు ఒంగి కూర్చున్నాను.

గచ్చిబౌలి దాటాక బండి పూర్తిగా ఆగిపోయింది. ముందెక్కడో నీళ్ల ట్యాంకర్ అడ్డంగా ఒరిగిందట. ఆలోచించండి. చెరువులు పూడ్చి కట్టిన మేడలకు నీళ్లు తీసుకెళ్లే బండి, చెరువును కాపాడబోయేవాళ్లకు అడ్డంపడింది. ఇలాంటివి నేను కల్పించి రాస్తానని మీరంటారు, ఆ అవసరం ఈ కారిడార్‌లో ఎవరికీ రాదు. అరగంట గడిచినా చక్రం కదల్లేదు. చున్నీ ఆరిపోయింది. గొట్టం గోడకు ఆనుకుని మొదటి బుడగ పైకి పాకింది. విశాలాక్షి గారు దాన్ని వేలితో వెంబడించి, “ఇంక లాభం లేదు. మెట్రో ఎంత దూరం?” అని అడిగారు. యాదగిరి పాత రాయదుర్గం సందుల్లోకి తిప్పాడు. అక్కడ ప్రతి ఇంటి ముందూ ఒక సొంత స్పీడ్ బ్రేకర్. ఒక్కోదానికి ముందు అతను “పట్టుకోండ్రి” అనడం, మేం ఊపిరి బిగబట్టడం. స్టేషన్ చేరేసరికి నా చేతులు తిమ్మిరెక్కాయి.

రాయదుర్గం స్టేషన్‌లో సామాను స్కానర్ దగ్గర ఒక గార్డమ్మాయి. విశాలాక్షి గారి ఐడీ కార్డు చూసింది, పైఅధికారికి ఫోన్ చేసి అనుమతి తీసుకుంది, అంతవరకూ మర్యాదగానే ఉంది. చివర్లో, “గది బెల్టు మీద పండబెట్టాలె మేడమ్” అంది. నిలబెట్టి పట్టుకుని దాటతామంటే రూల్ ఒప్పుకోదంది. పండబెడితే పాడవుతుందని చెప్పాను. ఇందులో మీ తాత ముత్తాతలు తాగిన నీళ్ల చరిత్ర ఉందని చెప్పాను. రూల్స్ మనుషుల కోసమా, మనుషులు రూల్స్ కోసమా అని అడిగాను. నా వెనక ల్యాప్‌టాప్ సంచుల లైను పెరిగింది. ఒకడు “ఆంటీ, లాగిన్ టైమ్ అవుతోంది” అన్నాడు. వాడికి కూడా ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి నన్ను కాదు, విశాలాక్షి గారిని చూసి, “నాది నౌకరి మేడమ్” అంది.

విశాలాక్షి గారు నా మోచేయి పట్టుకుని పక్కకు లాగారు. “నువ్వు గెలిచేలోపల బురద ఉడుకుతాది. పద, కోసేద్దాం” అన్నారు.

స్టేషన్ కింద నీడలో ఒక టిఫిన్ బండి. దాని పక్కన ఫుట్‌పాత్ మీద గొట్టం నిలబెట్టాం. ముందు సన్నటి రబ్బరు ట్యూబుతో పైనున్న నీళ్లు తోడేశారు. యాదగిరి ఖాళీ అయిన గొట్టం పైభాగాన్ని బురద అంచు దాకా రంపంతో కోసేశాడు. తర్వాత దానికి వేలి మందం కిందగా గొట్టం చుట్టూ గాటు పెట్టాడు. ఆమె ఆ గాట్లో స్టీలు రేకు దూర్చి ముక్కను అడ్డంగా కోసి కవర్లో వేశారు. నేను కవరు మీద అంకె రాశాను. మళ్లీ రంపం, మళ్లీ రేకు. మొదటి ముక్కల వరుస ఎలాగూ చెదిరింది, అవి చెదిరినవని రాయమన్నారు, రాశాను. మురుగు కంపుకి టిఫిన్ తినేవాళ్లు జరిగి నిలబడ్డారు. మా కవర్లు అయిపోతే బండి నడిపే తణుకు ఆవిడ చట్నీ కట్టే కవర్ల కట్ట అందించి, “మీ ముక్కలూ నా చట్నీలూ కలిపేయకండమ్మా, ఇప్పటికే మా ఆయన వంటకి పేరు పోయింది” అంది. జానెడు బురద కోయగానే నలుపు పోయి గోధుమరంగు మొదలైంది. ఈ సైబరాబాద్ అంతా, దాని సిమెంటు, దాని మురుగు, మొత్తం కలిపి ఆ నల్లటి జానెడే. మిగిలింది గట్టి మన్ను, ఇంక పండబెట్టినా కదలదు. మిగిలిన గొట్టానికి పైన మూత బిగించారు. రంపం, రేకు, డ్రమ్ము యాదగిరికే అప్పగించి డబ్బులిచ్చి పంపాం. “ఏం తేలిందో ఫోన్ చేసి చెప్పండ్రి” అని నంబర్ ఇచ్చి వెళ్లాడు.

గార్డమ్మాయి ఈసారి నవ్వింది. గొట్టాన్ని బెల్టు మీద పండబెట్టాం, అది నల్ల కర్టెన్ కిందికి వెళ్లింది. విశాలాక్షి గారు అవతలికి నడవాల్సింది పోయి స్క్రీన్ వైపు వంగారు. నాకక్కడ పొడవాటి నారింజరంగు పట్టీ కనబడింది. పై చివర నుంచి దాదాపు కింది చివర దాకా అదే రంగు. ఆఖరి జానెడు మాత్రం ఒక గీత గీసినట్టు మారి, ముదురు చుక్కల ముద్దగా ఉంది.

“మట్టి అన్నరు, కింద రాళ్లున్నయ్ గద మేడమ్” అంది ఆ అమ్మాయి.

విశాలాక్షి గారు స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండా, “అవునమ్మా, రాళ్లే” అన్నారు. గొట్టం అటువైపు బయటికి వచ్చి ఆగింది. తీసుకోవడానికి ఆమె వెంటనే కదల్లేదు.

తార్నాకకు టికెట్ ఒక్కొక్కరికి అరవై, డెబ్బై రూపాయల మధ్య పడింది. లేడీస్ కోచ్‌లో ఇద్దరికీ సీట్లు దొరికాయి, గొట్టం ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాం. దుర్గం చెరువు స్టేషన్ వచ్చింది. అప్పుడు చెప్పారు. గోధుమరంగు చెరువు బురద కింద నల్ల బంకమన్ను ఉంటే స్క్రీన్ మీద మెత్తగా, ఒకే రంగుగా కనబడాలి. కనబడింది మొరం. మొరం అంటే కంకర కలిసిన మెట్ట నేల. నేల మీద సూటిగా చెరువు బురద. మధ్యలో మడుగు లేదు.

“ఒక్క చోటే కదండీ గుచ్చింది. ఇంకో పక్క ఉండొచ్చుగా?” అన్నాను.

“ఉండొచ్చు. రేపట్నించి మిషన్లు. ఇంకో పక్క ఇంక లేదు.”

“అయితే తేల్చలేకపోయామని రాయండి. సహజం కాదని చెప్పలేం అని రాయండి. అది అబద్ధం కాదుగా.”

ఆమె నా వైపు తిరిగారు. “అబద్ధం కాదు భారతీ. బిల్డర్లు రాయించే రిపోర్టుల్లో కూడా ఒక్క అబద్ధం ఉండదు. అన్నీ నీ మాట మాదిరే ఉంటాయి.”

నేను ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను. వేదికల మీద, పేపర్లలో, పెళ్లి భోజనాల్లో కూడా. అమీర్‌పేట దాటేసరికి ఆ వాక్యాన్ని వదిలేశాను.

ల్యాబ్‌లో సామాన్లు సగం అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. పట్టీ విప్పి, గొట్టాన్ని పొడవునా చీల్చి, రెండు సగాలుగా తెరిచారు. స్క్రీన్ అబద్ధం చెప్పలేదు. నున్నటి గోధుమరంగు బురద, ఉన్నట్టుండి ఎర్రటి మొరం. రెండింటి మధ్య గీత కత్తితో కోసినట్టుంది. ఆమె బొటనవేలు మొరం మీద పెట్టి నొక్కారు, దిగలేదు. బిగుసుకున్న మొరం, కుమ్మరి చెక్కతో తట్టినట్టు చదునుగా ఉంది. ఎవరో తొక్కి గట్టిచేసినట్టుందండి అన్నాను. ఉండొచ్చన్నారు. అది రాస్తారా అంటే, గట్టిగా ఉందని మాత్రమే రాస్తానన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, “పన్నెండేళ్లు తప్పు మాట్లాడినా. రిటైర్ కాకముందే తెలిసింది, మంచిదే. లేదంటే ఇంకెవరో చచ్చేదాకా మోసేవాళ్లు” అన్నారు. నేను టీ తెస్తానని బయటికి వెళ్లి, కొంచెం ఆలస్యంగా వచ్చాను. వచ్చేసరికి ఆమె రెండో సగం మీద కొలబద్ద పెట్టి, గోధుమరంగు బురదలో ఒక పలచటి తెల్ల గీత నాకు చూపించారు. ఏదో ఒక ఏడు చెరువు పూర్తిగా ఎండిన గుర్తు అది. దానిపైన మళ్లీ బురద. ఎండిన చెరువులోకి మళ్లీ నీళ్లు రప్పించుకున్నారన్నమాట.

మా వకీలుకి ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఆ తర్వాత కోపం వచ్చింది, కోపంతో పాటు దారీ కనబడింది. ప్రకృతి ఇచ్చిన చెరువైతే, పూడ్చినవాడు ప్రకృతికి ద్రోహం చేశాడనే అనగలం, ప్రకృతి కోర్టుకు రాదు. ఇది ప్రకృతి ఇవ్వలేదు. ఒట్టి మొరం నేల మీద, పేర్లు కూడా మిగలని మనుషులు మన్ను తవ్వి, తట్టలకెత్తి, నెత్తిన మోసి, కట్ట పోసి వాన నీళ్లను ఆపారు. ఎండితే పూడిక తీసి మళ్లీ నింపుకున్నారు. ఆ కూలీల కష్టం ఉమ్మడి ఆస్తి. దాన్ని ప్లాట్లు చేసి అమ్ముకునే హక్కు ఏ కంపెనీకీ, ఏ సర్కారుకీ లేదు. పిటిషన్‌లో సహజ జలాశయం అన్న మాట కొట్టించి ఇదే రాయించాను. గెలుస్తామో లేదో తెలియదు, కానీ ఇప్పుడు మేం చెప్పేది నిజం. విశాలాక్షి గారు ముసాయిదా చదివి ఒక్కటే దిద్దారు. ‘తట్టలకెత్తి’ అన్నదానికి ఆధారం లేదని కొట్టేశారు. నేను మళ్లీ పెట్టాను. ఆ ఒక్క మాట మీద మేమిద్దరం ఇప్పటికీ పోట్లాడుకుంటున్నాం.

ఈ వైపు చెరువులు చూడబోయేవాళ్లకు ఒకే సలహా. టైల్స్ వేసిన నడకదారి మీద ఫొటోలు దిగి వచ్చేయకండి. చెరువు మత్తడి ఎక్కడని అడిగి అక్కడికి వెళ్లండి, నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే చోటు అది. దాని మీద నిలబడి, అదే ఎత్తులో చుట్టూ చూపు తిప్పండి. ఏయే ఇళ్ల గడపలు ఆ ఎత్తుకంటే కింద ఉన్నాయో, చెరువు నిండితే ఏవి మునుగుతాయో కనబడుతుంది. అక్కడ ఫ్లాట్ కొనాలనుకుంటే, బ్రోషర్ చూసేముందు ఆ చూపు చూసి రండి.